లక్ష హార్స్ పవర్ ఉన్న పిల్లాడు బడికెందుకు వెళ్లాడు?



ఈ టర్మ్‌లో ఆరో తరగతి ఇంగ్లీష్ రీడింగ్ పీరియడ్‌కి ఒక కామిక్ తీసుకున్నాం. పేరు 'ఆస్ట్రో బాయ్'. రీడింగ్ లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజే ముగ్గురు నలుగురు అడిగారు: "మేడమ్, బొమ్మల కథలు ఇంట్లో ఎలాగూ చూస్తూనే ఉంటారు, స్కూల్లో కూడా ఎందుకండీ?" న్యాయమైన ప్రశ్న. ఫీజు కట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక బంధుత్వం చెప్తాను. మీ ఇంట్లో డోరేమాన్ తెలియని పిల్లలు ఉండరు. తెలుగులో డబ్బింగ్ అయి టీవీలో వచ్చింది కాబట్టి నోబితా, జియాన్, షిజుకా మన వీధి పిల్లల్లాగే అయిపోయారు. ఆ నీలం రోబో పిల్లికి ఆస్ట్రో బాయ్ పెద్దన్న లాంటివాడు. డోరేమాన్ 1969 చివర్లో పుట్టింది, ఆస్ట్రో బాయ్ 1952లోనే వచ్చాడు. జపాన్‌లో అతని పేరు ఆటమ్. ఆటమ్‌ని గీసినాయన ఒసాము తెజుకా. ఆయన టోక్యోలో టోకివా-సో అనే చెక్క మేడలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. 1954లో ఖాళీ చేసి వెళ్లినప్పుడు ఆ గదిలోకి ఇద్దరు కుర్రాళ్లు దిగారు. చిన్నప్పటి నుంచీ ఆయన బొమ్మలు చూసి పెరిగిన వీరాభిమానులు. తర్వాత వాళ్లిద్దరూ 'ఫుజికో ఫుజియో' అనే ఒకే కలం పేరుతో ప్రసిద్ధులయ్యారు. డోరేమాన్‌ని సృష్టించింది ఆ ఇద్దరిలో ఒకరు.

అయితే ఈ ఇద్దరు రోబోలకీ ఒక పెద్ద తేడా ఉంది. డోరేమాన్ కథలో బడికి వెళ్లేది నోబితా, రోబో ఇంట్లో ఉండి పరికరాలు అందిస్తుంది. ఆటమ్ కథలో రోబోయే సంచీ తగిలించుకుని బడికి వెళ్తాడు. ఈ పుస్తకాన్ని ఎంచుకోవడానికి నాకు అదే ముఖ్యమైన కారణం.

కథ ఏమిటంటే

డాక్టర్ టెన్మా సైన్స్ మంత్రిత్వ శాఖకి అధిపతి, గొప్ప శాస్త్రవేత్త. ఆయన ఒక్కగానొక్క కొడుకు టోబియో రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు. ఆ కడుపుకోత తట్టుకోలేక, శాఖలో ఉన్న శాస్త్ర పరిజ్ఞానాన్నంతా పోగేసి, అచ్చం కొడుకు పోలికలతో ఒక రోబోని తయారు చేయిస్తాడు. కథ ప్రకారం ఆ రోబో పుట్టినరోజు 2003 ఏప్రిల్ 7. రాసినప్పుడు యాభై ఏళ్ల తర్వాతి తేదీ. ఇప్పుడది మన పిల్లలకి పాత తేదీ. తరగతిలో అది చెప్పగానే "మా అన్నయ్య కంటే పెద్దవాడు" అని ఒకమ్మాయి నవ్వింది.

మొదట్లో టెన్మా సంతోషానికి అంతు లేదు. కొడుకుతో గడిపినట్టే గడుపుతాడు. కొంతకాలానికి ఒక సంగతి కంట పడుతుంది: ఈ పిల్లాడు ఎదగడం లేదు. రోబో కదా, ఎత్తు పెరగడు. ఇంకో చోట పూలు అందంగా ఉన్నాయని అనడం చేతకాదు, నలుపలకల దిమ్మలే బాగున్నాయంటాడు. టెన్మాకి కోపం వస్తుంది. నువ్వు నా కొడుకువి కాదని చెప్పి ఆ పిల్లాణ్ణి సర్కస్‌కి అమ్మేస్తాడు.

ఆ సర్కస్‌లో రోబోలు ఒకదాన్నొకటి విరగ్గొట్టుకోవడమే ఆట. అక్కడ ఆటమ్‌ని చూసినవాడు ప్రొఫెసర్ ఒచనోమిజు. టెన్మా తర్వాత అదే శాఖకి అధిపతిగా వచ్చిన పెద్దాయన, గుండ్రటి పెద్ద ముక్కుతో ఉంటాడు. సర్కస్ యజమాని దగ్గర్నుంచి పిల్లాణ్ణి విడిపించి తీసుకొస్తాడు. తర్వాత ఆటమ్‌కి ఒంటరితనం లేకుండా రోబో అమ్మానాన్నల్ని కూడా తయారు చేసి ఇస్తాడు. అంటే కొడుకు కంటే తల్లిదండ్రులు చిన్నవాళ్లు! చెల్లెలు ఉరాన్ ఆ తర్వాత వస్తుంది. ఇక ఇల్లు, సంసారం కుదిరాక ఒచనోమిజు ఆటమ్‌ని మామూలు మనుషుల పిల్లలు చదివే ప్రైమరీ స్కూల్లో చేరుస్తాడు.

ఆ పిల్లాడికి ఏముందో చూడండి. కాళ్లలో జెట్లు, కళ్లలో సెర్చ్‌లైట్లు, మనకంటే వెయ్యి రెట్లు వినే చెవులు, లక్ష హార్స్ పవర్ బలం. 60 భాషలు వచ్చు. కంప్యూటర్ మెదడు కాబట్టి మన ఎక్కాలూ భాగహారాలూ ఒక లెక్క కాదు. తెజుకా చెప్పిన ఏడు శక్తుల్లో నాకు బాగా నచ్చింది వేరే ఉంది: ఎదుటివాడు మంచివాడో చెడ్డవాడో చూడగానే పసిగట్టడం. దాన్ని జెట్ ఇంజిన్‌తో సమానంగా ఒక శక్తిగా లెక్కేశారు ఆయన.

సరే, 60 భాషలు వచ్చినవాడికి టీచర్ ఏం నేర్పాలి?

ఈ ప్రశ్న నాది కాదు, మా తరగతిలో ఒక అబ్బాయిది. "మిస్, ఆటమ్‌కి అన్నీ వచ్చు కదా, ఇంక స్కూలెందుకు? టైమ్ వేస్ట్ కదా?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు, తరగతికే వదిలేశాను. పావుగంట సేపు వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. ఫ్రెండ్స్ కోసం అన్నారు కొందరు. లంచ్ బాక్స్ పంచుకోవడానికి అన్నాడొకడు, ఆటమ్ తినడని ఇంకొకడు సరిదిద్దాడు. చివరి బెంచీలో కూర్చునే ఒకమ్మాయి మెల్లగా అంది: "తన బలం ఎంతో తనకి తెలియాలంటే, బలం లేనివాళ్ల మధ్య ఉండాలి కదా మిస్." ఇంగ్లీష్‌లో చెప్పమంటే తడబడింది, తెలుగులోనే చెప్పింది. అది చాలు నాకు.

ఈ ప్రశ్న ఇప్పుడు కామిక్‌ది మాత్రమే కాదని మీకూ తెలుసు. ఫోన్‌లో చాట్‌బాట్‌ని అడిగితే ఎస్సే క్షణంలో వస్తుంది. హోమ్‌వర్క్ నోట్‌బుక్కుల్లో ఆ ఎస్సేలు నాకు కనబడుతూనే ఉంటాయి. ఆరో తరగతి పిల్లలు వాడని మాటలు, ఒక్క తప్పు కూడా లేని పేరాలు. నిజం చెప్పాలంటే తప్పులున్న నోట్‌బుక్కే నాకు ముద్దు, ఆ పిల్లాడు ఎక్కడ ఆగాడో దాంట్లో కనిపిస్తుంది. అన్నీ తెలిసిన యంత్రాన్ని కూడా మనుషుల పిల్లల మధ్య కూర్చోబెట్టాలనుకున్నారు 1952లో ఒక రచయిత. మనం మనుషుల పిల్లల్ని అన్నీ తెలిసిన యంత్రం ముందు కూర్చోబెడుతున్నాం.

టెన్మా చెడ్డవాడా?

రీడింగ్ పీరియడ్‌లో ఈ ప్రశ్న మీద రెండు క్లాసులు నడిచాయి. మొదట దాదాపు అందరూ చెడ్డవాడనే అన్నారు. అప్పుడు పుస్తకంలో ఎక్కడ అలా రాసి ఉందో చూపించమన్నాను. రాసి లేదు. మాటల్లో లేనిది బొమ్మల్లో ఉంది. టెన్మా భుజాలు ఎలా వంగాయి, పిల్లాడి వైపు చూస్తున్నాడా గోడ వైపు చూస్తున్నాడా, గడి ఎందుకు ఖాళీగా ఉంది అని వెతకడం మొదలుపెట్టారు. "చెడ్డవాడు కాదు మిస్, బాధలో ఉన్నాడు" అని మొదట ఒకరన్నారు, తర్వాత చాలామంది అన్నారు.

ఇంగ్లీష్ టీచర్‌గా నాకు కావలసింది ఇదే. పరీక్షల్లో ఇచ్చే కాంప్రహెన్షన్ పాసేజ్‌లో సగం ప్రశ్నలకి జవాబు ఏదో ఒక లైనులో దొరుకుతుంది, పిల్లలు ఆ లైను ఎత్తి రాసేస్తారు. రాయని విషయాన్ని ఊహించి పట్టుకోమంటే మాత్రం తొంభైకి పైగా మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా తెల్లమొహం వేస్తారు. బొమ్మల కథలో ఆ పని తప్పించుకోవడానికి వీల్లేదు. ఒక గడికీ పక్క గడికీ మధ్య ఏం జరిగిందో చదివేవాడే పూరించుకోవాలి. తేలిక పుస్తకం అని ఇది తీసుకోలేదు.

టెన్మా గురించి మీతో ఇంకొక్క మాట. ఆయన ఆ రోబోని ప్రేమించలేదని అనలేం. ప్రేమించాడు, కానీ టోబియో అనుకుని ప్రేమించాడు. ఎదురుగా ఉన్నవాడు ఆటమ్. లేని పిల్లాడి కొలతలు పట్టుకుని ఉన్న పిల్లాణ్ణి కొలిచాడు, సరిపోలేదు. తెజుకా ఊహించిన రోబో చట్టాల్లో ఒకటుంది: తనని తయారు చేసిన మనిషిని రోబో 'నాన్న' అని పిలవాలి. అంటే టెన్మాని నాన్న అనడం ఆటమ్‌కి చట్టం. ఒచనోమిజు విషయంలో అలాంటి చట్టమేమీ లేదు. కానీ కథ పొడవునా ఆటమ్‌కి దెబ్బ తగిలితే పరుగెత్తుకొచ్చేది ఆ పెద్ద ముక్కాయనే.

పీటీఎంలలో నా ముందు కూర్చుని "మా పెద్దాడు ఇలా ఉండేవాడు కాదండీ", "వాళ్ల పిన్ని కూతురు ఒలింపియాడ్‌లో ర్యాంకు తెచ్చుకుంది" అనేవాళ్లు ఉంటారు. పక్కనే నిలబడ్డ పిల్లల మొహం నాకు కనిపిస్తుంది. మీరు నావైపు చూస్తుంటారు కాబట్టి మీకు కనిపించకపోవచ్చు.

హార్స్ పవర్ పెంచమని అడిగిన రోజు

ఆటమ్ కథల్లో అందరూ గొప్పగా చెప్పుకునేది 1964, 65ల్లో వచ్చిన 'ప్రపంచంలోకెల్లా గొప్ప రోబో' కథ. ప్లూటో అనే పెద్ద కొమ్ముల రోబోని ఒక సుల్తాను కోసం తయారు చేస్తారు. ప్రపంచంలో బలమైన ఏడు రోబోల్ని ఓడించి నాశనం చేయడమే దాని పని. ఆ ఏడింటిలో ఆటమ్ ఒకడు. ప్లూటో బలం పది లక్షల హార్స్ పవర్, మనవాడిది లక్ష. ఒచనోమిజు దగ్గరికెళ్లి నా బలం కూడా పది లక్షలు చేయండని అడుగుతాడు ఆటమ్. ఆయన ఒప్పుకోడు. పెంచేది ఎవరో తెలుసా? టెన్మా.

బలం పెరుగుతుంది. కానీ అసలు పోరు అసో అగ్నిపర్వతం దగ్గర వేరే దారి పట్టింది. అది బద్దలయ్యే స్థితిలో ఉంటే, పోట్లాడుకుంటున్న ఇద్దరూ ఆపి, కలిసి దాన్ని అడ్డుకుంటారు. ఆ తర్వాత ప్లూటోకి ఆటమ్‌ని చంపాలనిపించదు. ముగింపు చెప్పను, పిల్లల్ని చదవనివ్వండి. పెద్దలకి మాత్రం ఒక సూచన: ఇదే కథని నవోకి ఉరసవా అనే మరో చిత్రకారుడు 2003 నుంచి 2009 దాకా 'ప్లూటో' పేరుతో పెద్దవాళ్ల కోసం మళ్లీ గీశారు. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్‌గానూ వచ్చింది. అది పిల్లలకి కాదు, వాళ్లు పడుకున్నాక మీరు చూడండి.

మెడిసిన్ చదివి బొమ్మలు గీసినాయన

తెజుకా 1928లో పుట్టారు, 1989లో పోయారు. యుద్ధకాలంలో బడి పిల్లల్ని ఫ్యాక్టరీ పనులకి పంపేవారు, ఈయనా వెళ్లారు. 1945లో ఒసాకా మీద బాంబులు పడుతుంటే కళ్లారా చూశారు. ఆ ఏడాదే హిరోషిమా, నాగసాకి. అలాంటి దేశంలో ఏడేళ్లు తిరక్కుండానే అణుశక్తితో నడిచే పిల్లాడికి 'ఆటమ్' అని పేరు పెట్టి, వాడి చేత యుద్ధాలు ఆపించారు. ఆటమ్ మొదట కనిపించిన 1951 నాటి కథలో అచ్చం మనలాగే ఉండే మనుషులు వేరే గ్రహం నుంచి భూమికి వస్తారు. తిండి చాలక గొడవ మొదలవుతుంది. ఇటూ కాని అటూ కాని రోబో రాయబారిగా వెళ్లి సంధి కుదురుస్తాడు. మన పిల్లలకి కృష్ణ రాయబారం తెలుసు కాబట్టి రాయబారి అనే మాట వివరించే పని నాకు పడలేదు. ఆ సంధి కుదరలేదు, ఇది కుదిరిందని వాళ్లే తేడా చెప్పారు.

తెజుకా ఒసాకాలో మెడిసిన్ చదివారు. చదువుతూనే బొమ్మల కథలు గీసేవారు. రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చినప్పుడు వాళ్లమ్మని అడిగారట. నీకేది ఎక్కువ ఇష్టమని ఆవిడ అడిగారు. బొమ్మలంటే, అయితే బొమ్మలే గీయమన్నారు. ఆయనే తర్వాత రాసుకున్న సంగతి ఇది. అలాగని చదువు మధ్యలో వదల్లేదు, పూర్తి చేసి డాక్టర్‌గా లైసెన్సు కూడా తెచ్చుకున్నారు. ఆ చదువు ఎక్కడికీ పోలేదు, 'బ్లాక్ జాక్' అనే సర్జన్ కథల్లో కనిపిస్తుంది. మన దేశానికి సంబంధించి 'బుద్ధ' అని బుద్ధుడి జీవితాన్ని పెద్ద బొమ్మల నవలగా గీశారు. అది హైస్కూల్ పిల్లలకి బాగుంటుంది.

కామిక్స్ అంటే భయపడిన తల్లిదండ్రులు మీరే మొదటివాళ్లు కాదు. 1955 ప్రాంతంలో జపాన్‌లో చెడ్డ పుస్తకాల మీద తల్లుల సంఘాలు, టీచర్లు ఉద్యమం నడిపారు. కొన్నిచోట్ల బొమ్మల పుస్తకాలు బడి ఆవరణలో కుప్పపోసి తగలబెట్టారు. విమర్శ పడ్డవాళ్లలో తెజుకా కూడా ఉన్నారు. 1963 జనవరి 1న ఆటమ్ టీవీలోకి వచ్చాడు, నాలుగేళ్లలో 193 ఎపిసోడ్లు నడిచింది. అదే ఏడాది అమెరికాలో ఆస్ట్రో బాయ్ పేరుతో మొదలైంది. 2003లో ఆటమ్ పుట్టినరోజు రాగానే నీజా అనే పట్టణం అతనికి పౌరసత్వం రాసిచ్చింది. టోక్యోలోని టకడనోబాబా స్టేషన్‌లో ఇప్పటికీ రైలు కదిలేముందు ఆటమ్ పాట బాణీ మోగుతుంది. కథలో ఆటమ్ పుట్టింది ఆ పేటలోనే మరి.

ఇంట్లో ఎలా చదివించాలి

జపనీస్ పుస్తకాలు మన లెక్కలో వెనక పేజీ నుంచి మొదలవుతాయి, గడులు కుడి నుంచి ఎడమకి చదవాలి. కొన్ని ఇంగ్లీష్ ముద్రణల్లో ఎడమ నుంచి కుడికి తిప్పి వేశారు. మీ చేతికి వచ్చింది ఏదో మొదటి పేజీలోనే చూసుకోండి. పిల్లలకి ఇబ్బంది ఉండదు, తికమక పడేది మనమే.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. పేజీలో ఆఖరి గడిని చేత్తో మూసి, ఏం జరుగుతుందో చెప్పమనండి. తప్పు చెప్పినా పర్వాలేదు, ఎందుకలా అనుకున్నారో అడగండి. పిల్లలు తెలుగులో చెప్తే ఆపకండి. ఆలోచన ముందు రానివ్వండి, దాన్ని ఇంగ్లీష్‌లోకి తెచ్చే పని నాది. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ డిక్షనరీ తీయించకండి, బొమ్మ చూసి ఊహించనివ్వండి. పేజీకి ఒక్క మాట చాలు. కథ అయిపోగానే "దీనివల్ల ఏం నేర్చుకున్నావు?" అని మాత్రం దయచేసి అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే పిల్లలు మనకి నచ్చే జవాబు ఒకటి తయారు చేసి ఇచ్చేస్తారు. టెన్మా స్థానంలో ఉంటే నువ్వేం చేసేవాడివి, ఒచనోమిజు ఎందుకు కాదన్నాడు, ఇలాంటివి అడగండి. మీ జవాబు కూడా చెప్పండి.

రెండు జాగ్రత్తలు. మొదటి కథే ఒక పిల్లాడి మరణంతో మొదలవుతుంది, తర్వాత రోబోలు విరిగిపోవడం, తలలు ఊడిపోవడం ఉంటాయి. ఇంట్లో నాలుగో తరగతి లోపు పిల్లలుంటే మీరు పక్కన కూర్చుని చదవండి. రెండోది, కొన్ని పాత కథల్లో ఇతర దేశాల వాళ్లని, ముఖ్యంగా ఆఫ్రికా వాళ్లని వెటకారంగా గీసిన బొమ్మలున్నాయి. ఆ కాలపు అలవాటది, ఇప్పుడు చూస్తే తప్పుగానే కనిపిస్తుంది. ఆ పేజీ తిప్పేయకుండా, ఇలా గీయడం ఎందుకు బాగోలేదో ఒక నిమిషం మాట్లాడండి.

స్కూల్ లైబ్రరీ కాపీలు శుక్రవారం ఇంటికి పంపిస్తాం, మంగళవారం తిరిగి పంపాలి. పంపేటప్పుడు డైరీలో సంతకంతో పాటు, చదువుతూ మీ పిల్లలు అడిగిన ఒక ప్రశ్న రాయండి. తెలుగులో రాసినా సరే. జవాబు రాయనక్కర్లేదు, వచ్చే నెల ఆ ప్రశ్నలతోనే క్లాసు మొదలుపెడతాను.